ఒకే ఏడాదికి మూడు పేర్లు: జపాన్‌లో రెండు కొలువుల యుద్ధం (1336–1392) – ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

1350వ సంవత్సరంతో మొదలుపెడతాను. ఆ ఏడాది క్యోటో నగరంలో రాసిన పత్రం చివర "కన్నో 1" అని తేదీ ఉంటుంది. అక్కడికి దక్షిణాన, యోషినో కొండల్లోంచి వచ్చిన పత్రం మీద "షోహెయ్ 5" అని ఉంటుంది. అదే సమయంలో క్యూషూ దీవిలో అషికాగా తదఫుయు అనే సేనాని ఇచ్చిన పత్రం మీద "జోవా 6" అని ఉంటుంది. ఏడాది ఒక్కటే, పేర్లు మూడు. జపాన్‌లో సంవత్సరానికి పేరు పెట్టే హక్కు చక్రవర్తిది. కాబట్టి పత్రం అడుగున ఏ పేరు రాశారో చూస్తే, రాసినవాడు ఎవరిని చక్రవర్తిగా ఒప్పుకుంటున్నాడో తెలిసిపోతుంది. తదఫుయు క్యోటో కొత్తగా ప్రకటించిన పేరును ఒప్పుకోలేదు, యోషినో పేరునూ వాడలేదు. రద్దయిన పాత పేరునే పట్టుకుని వేలాడాడు. ఇద్దరు చక్రవర్తుల మధ్య మూడో పక్షం అలా ఒక తేదీలో కనిపిస్తుంది.

నేను చెప్పబోయేది 1336 నుంచి 1392 దాకా నడిచిన కాలం గురించి. జపనీయులు దీన్ని నంబొకుచో అంటారు, అంటే దక్షిణ, ఉత్తర కొలువులు. ఇక్కడ విజయనగరం పుట్టిందని మనం సంప్రదాయంగా చెప్పుకునే 1336లోనే అక్కడ ఈ చీలిక మొదలైంది. కాలం గుర్తుండడానికి చెప్పాను, అంతకుమించి ఈ రెంటికీ సంబంధం లేదు. ఈ యాభై ఆరేళ్ళ యుద్ధాన్ని చాలామంది రాజభక్తి కథగా చెబుతారు. పత్రాలు చదివితే అది భూమి హక్కుల కథగా కనిపిస్తుంది. ఊళ్ళో అన్నదమ్ముల తగాదాకు చక్రవర్తి ఆజ్ఞ ఉన్న కాగితం కావాలి. అలాంటి కాగితం ఇచ్చే గుమ్మాలు రెండు ఉన్నంతకాలం యుద్ధం ఆగలేదు. ఈ మాటనే వివరంగా చూపిస్తాను.

ముందు దాయాదుల సంగతి. గోసాగ అనే చక్రవర్తికి ఇద్దరు కొడుకులు, పెద్దవాడు గోఫుకాకుసా, చిన్నవాడు కామెయామా. ఇద్దరూ వరుసగా సింహాసనం ఎక్కారు. అయితే ఆ రోజుల్లో సింహాసనం మీద కూర్చున్నవాడి చేతిలో అధికారం ఉండేది కాదు. గద్దె దిగిన తండ్రి, అంటే విశ్రాంత చక్రవర్తి, వెనక నుంచి కొలువును నడిపేవాడు. ఆ స్థానాన్ని చితెన్ అంటారు. అసలు పోటీ దానికోసమే. ఎవరి కొడుకు చక్రవర్తి అయితే వాళ్ళు చితెన్ అవుతారు. గోసాగ 1272లో చనిపోతూ, తన తర్వాత చితెన్ ఎవరో తేల్చకుండా ఆ పని కమకురాలోని యోధుల ప్రభుత్వానికి, అంటే బకుఫుకు వదిలేశాడు. బకుఫు ఆయన భార్యను అడిగింది. ఆమె చిన్న కొడుకు పేరు చెప్పింది. పెద్ద కొడుకు ఊరుకోలేదు.

అక్కడ రెండు వంశాలు పుట్టాయి. పెద్దవాడి వంశానికి వాళ్ళు నివసించిన భవనం పేరిట జిమ్యోయిన్ శాఖ అని, చిన్నవాడి వంశానికి క్యోటో పడమటి శివారు ఆలయం పేరిట దైకాకుజి శాఖ అని పేర్లు వచ్చాయి. ఇది సింహాసనం తగువు మాత్రమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. ఒక్కో శాఖ చేతిలో ఒక్కో పెద్ద ఆస్తి ఉంది. జిమ్యోయిన్ వాళ్ళకు చోకోదో అనే ప్రార్థనా మందిరానికి రాసిన మాన్యాలు సుమారు 180. దైకాకుజి వాళ్ళకు హచిజోయిన్ అనే రాకుమారి నుంచి వచ్చిన మాన్యాలు 200కు పైగా. ప్రతి మాన్యం వెనుక శిస్తు వసూలు చేసే ఉద్యోగులు, వాటాదారులైన ఉన్నత కుటుంబాలు, ఆలయాలు ఉన్నాయి. రెండు శాఖల వెనుక రెండు ఆర్థిక వ్యవస్థలు నిలబడి ఉన్నాయన్నమాట. అందుకే ఏ ఒక్క శాఖా ఊరికే ఆరిపోలేదు.

బకుఫు చేసిన పరిష్కారం వంతులు. ఒకసారి వాళ్ళు, ఒకసారి వీళ్ళు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ప్రతి మార్పుకూ ఇరుపక్షాలూ కమకురాకు మనుషుల్ని పంపి "వాళ్ళను దింపండి, మా వంతు వచ్చింది" అని అడగడం మొదలైంది. 1317లో వచ్చిన ఏర్పాటు ప్రకారం 1318లో దైకాకుజి శాఖ నుంచి గోదైగో చక్రవర్తి అయ్యాడు. ఆయన పరిస్థితి జాగ్రత్తగా చూడండి. అన్నగారు చిన్న వయసులో పోయారు, అన్న కొడుకు ఇంకా పిల్లవాడు. ఆ పిల్లవాడు ఎదిగేవరకు గద్దె కాపాడమని తండ్రి ఈయన్ని కూర్చోబెట్టాడు. ఆస్తి తర్వాత అన్న కొడుకుకే పోవాలని తండ్రి ముందే రాసిపెట్టాడు. వరుసలో ఆ పిల్లవాడి తర్వాత ఎదుటి శాఖవాడు. గోదైగో సొంత కొడుకులకు ఎక్కడా చోటు లేదు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు, చదువుకున్నవాడు, పట్టుదల గలవాడు. ఇది తన ఒక్క తరంతో ఆగిపోయే రాజ్యం అని తెలిసి కూర్చున్నాడు. వంతుల పద్ధతిని కాపాడుతున్నది బకుఫు కాబట్టి, బకుఫునే కూల్చాలనుకున్నాడు.

1324లో ఒక కుట్ర బయటపడింది. 1331లో మరొకటి. ఆయన పారిపోయి కసాగి కొండ మీద నిలిచాడు, పట్టుబడ్డాడు, 1332లో ఓకి దీవులకు పంపేశారు. ఎదుటి శాఖ నుంచి కోగోన్‌ను కూర్చోబెట్టారు. అయితే కుసునోకి మసషిగె అనే స్థానిక యోధుడు కవచీ కొండల్లోని చిహయా కోటలో బకుఫు సైన్యాన్ని 1333లో నెలల తరబడి నిలబెట్టేశాడు. ఆ జాప్యమే దేశాన్ని కదిలించింది. గోదైగో ఓకి నుంచి తప్పించుకున్నాడు. ఆయన్ని పట్టడానికి బయలుదేరిన బకుఫు సేనాని అషికాగా తకౌజి దారిలో పక్షం మార్చి క్యోటోలోని బకుఫు కార్యాలయాన్ని పడగొట్టాడు. తూర్పున నిత్తా యోషిసద అదే నెలలో, అయిదో నెల 22న, కమకురాను పట్టాడు. దాదాపు 150 ఏళ్ళ ప్రభుత్వం ఒక్క నెలలో ముగిసింది.

ఇప్పుడు కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే యుద్ధం ఇంతకాలం ఎందుకు సాగిందో గోదైగో సొంతంగా పాలించిన మూడేళ్ళలో తెలుస్తుంది. ఆరో నెలలో ఆయన ఒక ఆజ్ఞ ఇచ్చాడు. ఎవరి భూమి అయినా సరే, హక్కు నిలవాలంటే చక్రవర్తి ఉత్తరువు తెచ్చుకోవాలి. ఆ ఉత్తరువును రింజి అంటారు. ఏమయింది? దేశం నలుమూలల నుంచి భూస్వాములు పాత పత్రాల కట్టలు పట్టుకుని క్యోటోకు వచ్చిపడ్డారు. రాసే గుమస్తాలు తక్కువ, పాత దస్తావేజులు సరిచూసే యంత్రాంగం లేదు. ఇరవై ఏళ్ళు అనుభవంలో ఉన్న భూమిని కదపకూడదనేది యోధుల చట్టంలో గట్టి నియమం. ఈ కొత్త పద్ధతి దాన్ని పక్కకు నెట్టింది. ఒకే భూమి ఇద్దరికి రాసిచ్చిన సందర్భాలు వచ్చాయి. నెల తిరగకుండానే ఆజ్ఞ సడలించారు. ప్రస్తుతం అనుభవిస్తున్నవాళ్ళు పాత హోజో పక్షంవాళ్ళు, అంటే కూలిన బకుఫును నడిపిన వంశం పక్షంవాళ్ళు, కాకపోతే, రాష్ట్ర స్థాయిలోనే ధ్రువీకరణ చాలన్నారు. తొమ్మిదో నెలలో భూ వివాదాలకు ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు. మొదట నాలుగు విభాగాలు, మరుసటి ఏడాదికి ఎనిమిది. అయినా తీర్పు ఒకటి, చక్రవర్తి రింజి ఇంకొకటి అన్నట్టు సాగింది. పైగా కొత్త రాజభవనం కోసం భూముల ఆదాయంలో ఇరవయ్యో వంతు పన్ను. క్యోటోలో నిజో వీధి దగ్గర నది ఒడ్డున ఎవరో రాసి పెట్టిన ఎగతాళి పద్యం, నగరంలో ఈ మధ్య బాగా దొరికే సరుకుల జాబితా చెబుతూ రాత్రి దాడులు, దోపిడీలు, దొంగ రింజిలు అని మొదలవుతుంది. దొంగ రింజి మొదటి పాదంలోనే ఉందంటే జనాన్ని ఏది బాధించిందో తెలుస్తోంది.

1335లో పాత హోజో వంశస్థుడు కమకురాను తిరిగి పట్టాడు. తకౌజి అనుమతి కోసం ఆగకుండా తూర్పుకు వెళ్ళి అతన్ని ఓడించాడు, అక్కడే ఉండి తన వెంట వచ్చినవాళ్ళకు తానే భూములు పంచాడు. గోదైగో దృష్టిలో అది తిరుగుబాటు. 1336 మొదట్లో తకౌజి క్యోటో పట్టాడు, గోదైగో పక్షపు సేనాని కితబతాకె అకియియె ఈశాన్యం నుంచి దూసుకొచ్చి తరిమేశాడు. తకౌజి క్యూషూకు పారిపోయాడు. పారిపోతూ చేసిన పని ఆయన తెలివికి నిదర్శనం. దారిలో బింగో తీరంలోని తోమో రేవు దగ్గర విశ్రాంత చక్రవర్తి కోగోన్ ఉత్తరువు సంపాదించాడు. ఆ ఒక్క కాగితంతో ఆయన రాజద్రోహి కాకుండా పోయాడు, ఇంకో చక్రవర్తి సేనాని అయ్యాడు. క్యూషూలో తతరా తీరాన గెలిచి, పశ్చిమ యోధులను కూడగట్టి తిరిగొచ్చాడు. అయిదో నెల 25న మినాతో నది దగ్గర మసషిగె చనిపోయాడు. ఎనిమిదో నెలలో కోగోన్ తమ్ముడు కోమ్యో చక్రవర్తి అయ్యాడు.

క్యోటో పక్కనున్న హియెయ్ కొండ మీద నిలిచిన గోదైగో చివరికి రాజీకి దిగి పదకొండో నెల 2న రాజచిహ్నాలు అప్పగించాడు. ఇవి మూడు: అద్దం, ఖడ్గం, మణి. పన్నెండో నెల 21న రాత్రి తప్పించుకుని యోషినో చేరి, "నేనిచ్చినవి నకిలీవి, అసలువి నా దగ్గరే ఉన్నాయి" అన్నాడు. అప్పటి నుంచి రెండు కొలువులు.

యోషినో ఎందుకు? యమతో ప్రాంతం దక్షిణ చివర, కీ ద్వీపకల్పం కొండలు అక్కడే మొదలవుతాయి. పెద్ద సైన్యం లోపలికి పోవడానికి వీల్లేదు. ఆ కొండల్లో సాధన చేసే సన్యాసులకు కుమానో దాకా కాలిబాటలన్నీ తెలుసు, వాళ్ళే వార్తాహరులు. కుమానో నుంచి సముద్రం, అక్కడి నుంచి షికోకు, క్యూషూ. తూర్పున ఇసె తీరంలోని ఓమినాతో రేవు నుంచి తూర్పు రాష్ట్రాలకు ఓడలు. కొండ మూలన కూర్చున్న కొలువులా కనిపిస్తుంది గానీ, దాని వెనుక తలుపు సముద్రంలోకి తెరుచుకుంది. 1338లో ఓమినాతో నుంచి బయలుదేరిన ఓడలు తుపానుకు చెదిరాయి. వాటిలో ఒకదానిలో ఉన్న కితబతాకె చికఫుస హితచి చేరి, అక్కడి ఓదా కోటలో కూర్చుని దక్షిణ కొలువే అసలైనదని వాదించే గ్రంథం జిన్నో షోతోకి రాశాడు. అదే 1338లో ఆయన కొడుకు అకియియె ఇషిజు దగ్గర, నిత్తా యోషిసద ఎచిజెన్‌లో చనిపోయారు. తకౌజి షోగన్, అంటే యోధుల ప్రభుత్వానికి అధిపతి అయ్యాడు; ఇక్కడి నుంచి బకుఫు అంటే ఆయన ప్రభుత్వం. మరుసటి ఏడాది గోదైగో యోషినోలోనే కన్నుమూశాడు.

లెక్క ప్రకారం యుద్ధం అక్కడితో ముగియాలి. సేనానులు పోయారు, నాయకుడు పోయాడు. ఇంకా 53 ఏళ్ళు ఎందుకు సాగింది?

ఎందుకో యోధుల ఇళ్ళలో చూడాలి. కమకురా కాలంలో తండ్రి ఆస్తి కొడుకులందరికీ, కూతుళ్ళకు కూడా పంచేవారు. నాలుగు తరాలు అలా పంచాక ఒక్కొక్కరి వాటా గుర్రాన్ని, కవచాన్ని పోషించడానికి చాలనంత చిన్నదైంది. అందుకని పదమూడో శతాబ్దం చివరి నుంచి మొత్తం ఆస్తిని ఒక్క వారసుడికే ఇచ్చే పద్ధతి వచ్చింది. మిగతా అన్నదమ్ములు అతని కింద నౌకర్లలా ఉండాలి. ఒక్క తరంలో అందరికీ నచ్చే మార్పు కాదిది. అన్న ఉత్తర కొలువు పత్రంతో భూమి అనుభవిస్తుంటే, తమ్ముడు యోషినో వెళ్ళి అదే భూమికి రింజి తెచ్చుకుంటాడు. ఇప్పుడతను కబ్జాదారు కాదు, చక్రవర్తి పక్షాన పోరాడే యోధుడు. పక్క ఊరివాడితో గట్టు తగాదా ఉన్నా ఇదే దారి. శత్రువు ఒక కొలువులో ఉంటే నేను రెండో కొలువులో ఉంటాను. దక్షిణ కొలువుకు ఇవ్వడానికి డబ్బు లేదు, సైన్యం తక్కువ, కానీ చెల్లే కాగితం ఇవ్వగలిగింది. దాని బలమంతా అక్కడే ఉంది.

ఆ కాగితం ఎలా ఉంటుందో చెప్తాను. రింజి రాసేది పాత కాగితాలను నానబెట్టి తిరిగి తయారుచేసిన కాగితం మీద. పాత సిరా పూర్తిగా పోదు కాబట్టి లేత బూడిద రంగులో ఉంటుంది. చక్రవర్తి మాటను ఆయన కార్యదర్శి తన పేరుతో రాస్తాడు. శత్రువుల మధ్యగా పంపాల్సినప్పుడు చిన్న ముక్క మీద సన్నగా రాసి, మనిషి జుట్టుముడిలో దాచి పంపేవారు. వాటికి జుట్టుముడి రింజి అనే పేరే ఉంది. అరచేతిలో ఇమిడిపోయే ఆ బూడిద రంగు ముక్క కోసం మనుషులు కొండలు దాటి వెళ్ళారు.

యోధుడి వైపు కాగితాలు మరోరకం. పిలుపు అందుకుని సేనలో చేరగానే హాజరు పత్రం ఇస్తాడు. యుద్ధమయ్యాక సేవా నివేదిక, జపనీస్‌లో గుంచూజో. అందులో ఏముంటుంది? ఏ నెల ఏ రోజు ఏ చోట పోరాడాడు, తన సొంత గాయాలు, తన మనుషుల్లో ఎవరు చచ్చారు, ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలింది, గుర్రం పోయిందా, దీన్ని కళ్ళారా చూసిన పొరుగు యోధులు ఎవరు. గాయాల జాబితాలో అధికారులు పరీక్షించి పక్కన "లోతు", "పైపైన" అని గుర్తు పెట్టేవారు. గాయాల్లో ఎక్కువ బాణం దెబ్బలే, కత్తి దెబ్బలు తక్కువ. సినిమాల్లో చూసే కత్తియుద్ధాల చిత్రాన్ని ఈ జాబితాలు పూర్తిగా మార్చేస్తాయి. సేనాని ఆ నివేదిక చదివి, చివర "విన్నాను" అనో "చూశాను" అనో రాసి సంతకం గీసి, దాన్ని యోధుడికే తిరిగి ఇచ్చేవాడు. ఆ సంతకమే ఆధారం. దాన్ని ఇంట్లో పెట్టెలో దాచుకుని, ఏళ్ళ తర్వాత బహుమానంగా భూమి అడిగేవాళ్ళు. అందుకే అవి ఇన్ని మిగిలాయి.

దీనివల్ల యుద్ధభూమిలో ఒక చిక్కు ఉండేది. శత్రువు తల నరికినవాడు దాన్ని చూపించి పేరు రాయించుకోవడానికి పోరు మధ్యలో వెనక్కి పోయేవాడు. వరుస ఖాళీ అయ్యేది. 1338లో అకియియెతో పోరులో తకౌజి ప్రధాన అనుచరుడు కో నో మొరొనావొ దీన్ని మార్చాడు. పక్కవాడికి చూపించు, అతను సాక్షి, తల అక్కడే పారేసి ముందుకు పో అన్నాడు. చిన్న నియమమే, కానీ దాని ఫలితం పెద్దది.

క్యోటో గురించి కూడా ఒక మాట. ఆ నగరాన్ని పట్టడం తేలిక, నిలుపుకోవడం కష్టం. తిండి బయటి నుంచి రావాలి. తూర్పున బివా సరస్సు దారి, దక్షిణాన యోదో నది దారి. మూడు నదులు కలిసి యోదోగా మారే చోట ఒతోకోయామ అనే గుట్ట ఉంది. ఆ గుట్ట, హియెయ్ కొండ చేతిలో ఉంటే నగరం గొంతు పట్టుకున్నట్టే. దక్షిణ సైన్యం నాలుగుసార్లు క్యోటో పట్టింది: 1352, 1353, 1355, 1361. ప్రతిసారీ బకుఫు నగరం వదిలి తూర్పున ఓమికి తప్పుకునేది, మనుషుల్ని కూడగట్టి, దారులు బిగించి తిరిగొచ్చేది. ఏ ఒక్కసారీ దక్షిణం మూడు నెలలు నిలవలేదు.

ఇక నా దృష్టిలో మొత్తం కథకు కీలకమైన ఘట్టం. తకౌజి, తమ్ముడు తదయోషి ప్రభుత్వాన్ని పంచుకున్నారు. సైన్యం, బహుమానాలు అన్నవి. కోర్టులు, భూ వివాదాలు తమ్ముడివి. మాన్యాల యజమానులు తమ హక్కుల రక్షణకు తదయోషి దగ్గరకు పోయేవాళ్ళు. ఆ మాన్యాలను ఆక్రమించే యోధులకు అండ మొరొనావొ. 1349లో మొరొనావొ సైన్యంతో చుట్టుముట్టి తదయోషిని పదవి నుంచి దింపించాడు. 1350 చివర్లో తదయోషి ఏం చేశాడంటే, దక్షిణ కొలువుకు లొంగిపోయాడు. ఆ కాగితంతో సైన్యం కూడింది. 1351 రెండో నెలలో అన్నను ఓడించాడు, మొరొనావొను దారిలో చంపేశారు. కొన్ని నెలలకు అన్నదమ్ములు మళ్ళీ విడిపోయారు. ఈసారి అన్నే, అంటే ఉత్తర కొలువును పుట్టించిన తకౌజే, దక్షిణ కొలువుకు లొంగాడు. కారణం మామూలుదే: తమ్ముణ్ణి కొట్టడానికి చక్రవర్తి ఆజ్ఞ కావాలి, వెనక క్యోటో భద్రంగా ఉండాలి.

దక్షిణ కొలువు ధర పూర్తిగా వసూలు చేసింది. పదకొండో నెలలో ఉత్తర చక్రవర్తి సుకోను తొలగించారు. పన్నెండో నెలలో ఉత్తరం దగ్గరున్న రాజచిహ్నాలను పట్టుకుపోయారు. గోదైగో నకిలీవి అన్న ఆ మూడింటినే. 1352 రెండో నెలలో తదయోషి కమకురాలో చనిపోయాడు, విషప్రయోగం అని అప్పుడే మాట పుట్టింది. ఆ వెంటనే, అధిక రెండో నెలలో, దక్షిణ సైన్యం ఒప్పందం తెంచి క్యోటోలో దిగింది. మనకు అధిక మాసం నిజ మాసానికి ముందు వస్తుంది, వాళ్ళకు తర్వాత వస్తుంది, ఈ కాలపు తేదీలు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. వచ్చినవాళ్ళు ఉత్తర కొలువు పెద్దలు నలుగురినీ ఎత్తుకుపోయారు: కోగోన్, కోమ్యో, సుకో, యువరాజు నవొహితో. ముందు ఒతోకోయామకు, తర్వాత కొండల్లోని అనోకు.

బకుఫు నగరాన్ని తిరిగి తీసుకుంది. కానీ చక్రవర్తి లేడు. కొత్తవాణ్ణి చేయాలంటే రెంటిలో ఒకటైనా ఉండాలి: రాజచిహ్నాలు, లేదా విశ్రాంత చక్రవర్తి ఆజ్ఞ. రెండూ శత్రువు దగ్గర ఉన్నాయి. చక్రవర్తి లేకపోతే షోగన్ నియామకానికే అర్థం లేదు. వాళ్ళు కోగోన్, కోమ్యోల తల్లి కోగిమోన్-ఇన్ దగ్గరకు వెళ్ళారు. ఆమె సైయోంజి ఇంటి ఆడపడుచు, రాచరక్తం కాదు. ఇద్దరు కొడుకులు, మనవడు శత్రువుల చెరలో ఉన్నారు, వాళ్ళను కాపాడలేని బకుఫు మీద ఆమెకు మండిపోతోంది. మొదట కాదన్నది. మళ్ళీ మళ్ళీ బతిమాలాక ఒప్పుకుంది. మఠంలో చేరాల్సి ఉండి మిగిలిపోయిన పదిహేనేళ్ళ మనవణ్ణి ఆమె ఆజ్ఞతో 1352 ఎనిమిదో నెలలో చక్రవర్తిని చేశారు, అతనే గోకోగోన్. అద్దం లేదు కాబట్టి, ఒకప్పుడు అద్దం ఉంచిన చిన్న పెట్టెను దాని స్థానంలో ఉంచారు. ఖాళీ పెట్టె ముందు, నానమ్మ ఆజ్ఞతో జరిగిన పట్టాభిషేకం. ఇంత కష్టపడి చక్రవర్తిని తయారుచేసుకోవలసి వచ్చిందంటే, ఆ కాగితం లేకుండా బకుఫు కూడా నడవదని స్పష్టంగా తెలుస్తోంది. అంతకు పదేళ్ళ ముందు, 1342లో, తోకి యోరితో అనే యోధుడు దారిలో కోగోన్ బండి మీద బాణం వేశాడు. అతని కుటుంబం బకుఫుకు ఎంతో కావాల్సింది, అయినా అతన్ని చంపించారు. కారణం ఇదే.

అదే 1352లో, ఏడో నెలలో, యుద్ధాన్ని ముగించే అసలు విత్తనం పడింది. ఓమి, మినో, ఓవరి రాష్ట్రాల్లో మాన్యాల ఆ ఏడాది పంటలో సగం సైన్యం తిండికి తీసుకోవచ్చని బకుఫు ఆజ్ఞ ఇచ్చింది. దీన్ని హంజెయ్ అంటారు, మన మాటలో సగపాలు. ఒక్క ఏడాదికి, మూడు రాష్ట్రాలకు అని మొదలైంది. త్వరలోనే ఎనిమిది రాష్ట్రాలకు పాకింది. 1368 నాటికి పంటలో సగం కాదు, భూమిలోనే సగం అయింది, కాలపరిమితి పోయింది. ఆ సగాన్ని పంచేది రాష్ట్ర పాలకుడైన షుగో. ఇప్పుడు ఊరి యోధుడికి భూమి కావాలంటే యోషినో కొండ ఎక్కనక్కర్లేదు, తన షుగోకు నౌకరైతే చాలు. దక్షిణ కాగితం విలువ తగ్గడం అక్కడ మొదలైంది.

ఒక్క క్యూషూలో మాత్రం దక్షిణం చాలాకాలం బలంగా ఉంది. గోదైగో కొడుకు కనెయోషి, కికుచి వంశం అండతో 1361లో క్యూషూ పాలనా కేంద్రమైన దజైఫు పట్టాడు. చైనాను ఏలే మింగ్ చక్రవర్తి దూతలు వచ్చి ఆయన్నే జపాన్ రాజుగా లెక్కించారు. దాంతో 1374లో షోగన్ యోషిమిత్సు పంపిన దూతలను మింగ్ వెనక్కి పంపేసింది. ఇమగావా ర్యోషున్ 1372లోనే దజైఫును తిరిగి తీసుకున్నా, చైనా ముందు ఆ పేరు మాసిపోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

యోషిమిత్సు తకౌజి మనవడు, 1368లో పిల్లవాడిగా షోగన్ అయ్యాడు. బలిసిన షుగోలను ఒక్కొక్కరినే తగ్గించాడు. యమన వంశానికి 66 రాష్ట్రాల్లో 11 ఉండేవి, జనం వాళ్ళను "ఆరో వంతు దొర" అనేవాళ్ళు. 1391లో వాళ్ళ ఇంటి తగాదాను రెచ్చగొట్టి, ఓడించి, మూడు రాష్ట్రాలకు కుదించాడు. వాళ్ళనుంచి తీసిన ఇజుమి, కీ రాష్ట్రాలు ఔచి యోషిహిరోకు ఇచ్చాడు. ఆ రెండూ యోషినో గుమ్మంలో ఉన్నాయి. యోషిహిరో మధ్యవర్తిగా 1392లో రాజీ కుదిరింది. షరతులు మూడు. దక్షిణ చక్రవర్తి గోకమెయామా, సింహాసనం దానం చేస్తున్నట్టుగా లాంఛనంగా రాజచిహ్నాలు అప్పగిస్తాడు. ఇకపై రెండు శాఖలూ వంతుల ప్రకారం చక్రవర్తులవుతాయి. రాష్ట్ర ప్రభుత్వ భూములు దైకాకుజి శాఖకు, చోకోదో మాన్యాలు జిమ్యోయిన్ శాఖకు.

పదో నెల 28న గోకమెయామా బయలుదేరాడు. అధిక పదో నెల 2న దైకాకుజి చేరాడు, 5న మూడు చిహ్నాలు క్యోటోలోని ఉత్తర చక్రవర్తి గోకొమత్సు భవనానికి చేరాయి. సింహాసనం దానం చేసే కార్యక్రమం ఏదీ జరగలేదు. పోయిన వస్తువులు తిరిగొచ్చినట్టే తీసుకున్నారు. 1394లో ఆయనకు విశ్రాంత చక్రవర్తి బిరుదు ఇచ్చారు, అది కూడా చక్రవర్తి కాని వ్యక్తికి ప్రత్యేకంగా ఇచ్చే పద్ధతిలో. రాష్ట్ర భూములు అప్పటికే షుగోల చేతుల్లో ఉన్నాయి, కాబట్టి ఆ షరతు కాగితం మీదే మిగిలింది. 1410లో ఆయన మళ్ళీ యోషినో వెళ్ళిపోయాడు. 1412లో గోకొమత్సు కొడుకే చక్రవర్తి అయ్యాడు, వంతు మాట ఎవరూ ఎత్తలేదు. ఈ మోసం నాకు ఇప్పటికీ కష్టంగానే అనిపిస్తుంది. మాట నమ్మి కొండ దిగినవాడు ఆయన.

దాని ఫలితం 1443లో కనిపించింది. దక్షిణ వంశం పక్షంవాళ్ళు రాత్రి భవనంలో చొరబడి ఖడ్గం, మణి ఎత్తుకుపోయారు. ఖడ్గం కియొమిజు ఆలయం దగ్గర దొరికింది. మణి మాత్రం యోషినో లోపలి కొండల్లో ఉండిపోయింది. 1441లో షోగన్‌ను చంపి నాశనమైన అకమత్సు ఇంటి నౌకర్లు, తమ యజమాని వంశాన్ని తిరిగి నిలబెట్టుకోవడం కోసం దక్షిణ రాకుమారులను 1457లో చంపారు. మణి 1458లో క్యోటోకు తిరిగొచ్చింది.

[సభలో ఒకరు: అసలు ఏ కొలువు న్యాయమైనది?]

జపాన్ ప్రభుత్వం 1911లో దీనికి జవాబు చెప్పింది. పాఠ్యపుస్తకం రెండు కొలువులనూ సమానంగా చూపిందని పార్లమెంటు దాకా గొడవ వెళ్ళింది, దక్షిణమే సరైనదని తేల్చారు. అధికారిక జాబితాలో గోదైగో 96వ చక్రవర్తి, గోకమెయామా 99, గోకొమత్సు 100. కోగోన్ నుంచి గోకొమత్సుకు ముందున్న అయిదుగురు ఉత్తర చక్రవర్తులను విడిగా రాస్తారు. అయితే ఇవాళ్టి చక్రవర్తి వంశం ఉత్తరపు సుకో నుంచి వచ్చింది. అతని ముని మనవడు గోహనజోనో 1428లో గద్దెకెక్కాడు. చరిత్రకారులు ఏదో ఒక కొలువును ఎంచుకోనక్కర్లేదు. పత్రాలు రెండు తేదీల్లోనూ ఉన్నాయి, రెంటినీ చదవాలి.

[మరొకరు: తేదీ పేరు చూసి పక్షం చెప్పేయవచ్చా?]

చాలావరకు చెప్పవచ్చు, కానీ మూడు జాగ్రత్తలు కావాలి. పేరు మారిన వార్త దూర రాష్ట్రాలకు చేరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పట్టేది. కాబట్టి మార్పు తర్వాత కొద్దికాలం పాత పేరు కనిపిస్తే అది తిరుగుబాటు కాకపోవచ్చు. తదఫుయులా ఏడాది దాటినా వాడితేనే అది ప్రకటన. రెండోది, తర్వాతి శతాబ్దాల్లో వంశ గౌరవం కోసం పుట్టించిన నకిలీ పత్రాలు. కాగితం, సంతకం గీత సరిచూడకుండా తేదీని నమ్మకూడదు. మూడోది, మనిషి అదే అయినా పేరు మారుతుంది. తకౌజి పత్రాలు వరుసగా పేర్చి చూడండి. 1351 పదో నెల దాకా కన్నో 2. లొంగిన తర్వాత షోహెయ్ 6, ఏడాది మారాక షోహెయ్ 7. క్యోటోలో ఒప్పందం తెగిన వార్త తూర్పుకు చేరాక మళ్ళీ కన్నో 3.